కోటు సంగతి తర్వాత, ముందు భుజం కుట్టు చూడండి

ఇంజనీరింగ్ ఆఖరు సంవత్సరం పిల్లలకు, బీఎడ్ చేసి ప్రైవేటు స్కూళ్ల చుట్టూ తిరిగేటోళ్లకు, బ్యాంకు ఇంటర్వ్యూలకు తయారయ్యేటోళ్లకు నయీంనగర్ నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఏ ఇంటర్వ్యూ కోచింగ్ క్లాసులో కూర్చున్నా దొరికే సలహా ఒక్కటే. నల్ల కోటు, లేత నీలం అంగీ, ముదురు టై, మెరిసే బూట్లు. ఇంకో అడుగు ముందుకేసి 'నల్లగా ఉన్నోళ్లు లేత రంగులే వేసుకోవాలె', 'లావుగా ఉంటే అడ్డగీతలు వద్దు', 'యాస బయటికి రానియ్యకు' అని కూడా చెప్తరు. వీటిలో సగం చలిదేశాల నుంచి వచ్చినయి. మిగతా సగం మన ఇండ్లల్లోనే పుట్టినయి, వాటికి పరాయి దేశాన్ని అనొద్దు.

కోటుతో మొదలుపెడదాం, ఎక్కువ పైసలు పోయేది అక్కడే కాబట్టి.

వరంగల్‌లో మే నెల పగటి ఎండ 42, 43 డిగ్రీలకు పోవుడు మామూలే. మన చర్మం వేడి దాదాపు 35 డిగ్రీలు. బయటి గాలి అంతకంటే వేడిగా ఉన్నప్పుడు ఒంటి వేడి గాలిలోకి పోదు, గాలి వేడే ఒంటికి ఎక్కుతది. అప్పుడు మనిషిని చల్లబరిచే దారి ఒక్కటే మిగులుతది: చెమట ఆరడం. కారిన చెమట లెక్కకు రాదు, ఆరిన చెమటే పని చేస్తది. ఇప్పుడు మామూలు రెడీమేడ్ కోటు లోపల చూడండి. పైన పాలిస్టర్ కలిసిన గుడ్డ, మధ్యలో జిగురుతో అతికించిన బక్రం, అంటే బిరుసు గుడ్డ, లోపల జారుడు పాలిస్టర్ లైనింగ్. పాలిస్టర్ పోగు తన బరువులో 0.4 శాతం తేమనే పీల్చుకుంటది, పత్తి పోగు 8.5 శాతం దాకా పీల్చుకుంటది. మూడు పొరల కింద అంగీ, అంగీ కింద బనీను, బనీను కింద ఆరే దారి లేని చెమట. ఏసీ కారులో వచ్చి ఏసీ గదిలో కూర్చునేటోళ్లకు ఇది సమస్య కాదు. ఉప్పల్లో బస్సు దిగి ఆటో పట్టుకునేటోళ్లకు సమస్యే.

అంతకంటే పెద్ద చిక్కు కొలత. కిరాయికి తెచ్చిన కోటో, అన్నను అడిగి తెచ్చిన కోటో వేసుకుంటే నడుము, చేతుల పొడుగు ఎట్లనో సర్దుకోవచ్చు. భుజం సర్దుకోదు. కోటు భుజం సరిచెయ్యాలంటే చెయ్యి విప్పాలె, కాలర్ విప్పాలె, లోపలి మెత్త తియ్యాలె. కొత్తది కుట్టినంత పని, అందుకే మంచి దర్జీ ఆ పని ఒప్పుకోడు. భుజం చూసుకునే పద్ధతి సులువు: గోడ పక్కన నిలబడి మెల్లగా పక్కకు ఒరగండి. మీ చెయ్యి గోడకు తగిలేలోపే కోటు భుజం తగిలి నలిగితే అది మీకు పెద్దది. చెయ్యి ముందు తగిలి, భుజం కింద గుడ్డ లోపలికి గుంత పడితే చిన్నది. మెడ వెనక కోటు కాలర్‌కూ అంగీ కాలర్‌కూ మధ్య సందు కనిపిస్తే కూడా ఆ కోటు మీది కాదు. అంగీ కఫ్ కోటు చేతి కింద అర ఇంచు కనిపించాలె, అంతే.

కంపెనీ పంపిన కాగితంలో కోటు తప్పనిసరి అని రాసి ఉంటే వాదన పెట్టుకోకండి, వేసుకోండి. హోటల్ మేనేజ్‌మెంట్, విమాన సిబ్బంది, కొన్ని ఎంబీఏ కాలేజీలు అట్ల రాస్తయి. కుట్టించుకుంటే సగం లైనింగ్ పెట్టమని అడగండి. వీపు పై భాగంలో, చేతుల్లో మాత్రమే లైనింగ్ ఉంటే చాలు. దారంతా మడిచి చేతి మీద వేసుకొని, గది బయట కూర్చున్నాక తొడుక్కోండి.

'పీవీ పంచె కట్టుకొనే ప్రధాని కాలేదా' అని కొందరు అడుగుతరు. లక్నేపల్లిలో పుట్టినాయన ఢిల్లీలో పంచె, లాల్చీ, కండువాతో కూర్చున్న మాట నిజమే. కానీ ఆ ఉదాహరణ ఇరవై రెండేండ్ల పిల్లగానికి పనికిరాదు. కుర్చీలో ఉన్నోని పంచెకు ఒక లెక్క, కుర్చీ కోసం పోయినోని అంగీకి ఇంకో లెక్క. ఉద్యోగం వచ్చేదాకా ఎదుటోళ్లు అడిగిన మేరకు సర్దుకోవుడు తప్పదు. ఎంత మేరకు అన్నదే చూడాల్సింది, క్లాసులోళ్లు ఆ గీతను అవసరానికి మించి చాలా దూరం జరుపుతరు.

కోటు మీద పెట్టే పైసల్లో సగం పెట్టి రెండు అంగీలు, ఒక ప్యాంటు మంచిగా కుట్టించుకుంటే ఎక్కువ కాలం పనికొస్తయి. 58 ఇంచుల పన్నా, అంటే వెడల్పు, ఉన్న గుడ్డ అయితే నిండు చేతుల అంగీకి 1.60 మీటర్లు, ప్యాంటుకు 1.20 నుంచి 1.30 మీటర్లు సరిపోతది. 36 ఇంచుల పన్నా అయితే అంగీకి 2.25 మీటర్లన్నా కావాలె, లావాటి మనిషికైతే 2.50. చేనేత గుడ్డ కొనేముందు పన్నా అడగండి, చాలాసార్లు చిన్నదే ఉంటది. ప్యాంటుకు టీఆర్ గుడ్డ, అంటే పాలిస్టర్, విస్కోస్ కలిపినది, ఇస్త్రీ గీత నిలుపుతది, నలగదు, చవక. ప్యాంటు వరకు దానికి వంక పెట్టను. అంగీకి మాత్రం నూరు శాతం పత్తి, కాకుంటే పత్తి పాలు ఎక్కువున్న టీసీ, అంటే పాలిస్టర్, పత్తి కలిపినది, తీసుకోండి. దుకాణంలో చీటీ మీద 'కాటన్' అని రాసి ఉన్నా అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చమని అడగొచ్చు. పత్తి కాగితం లెక్క కాలి మెత్తని బూడిద అయితది. పాలిస్టర్ కరిగి ముడుచుకొని గట్టి నల్ల గుండు అయితది. కలిపిన గుడ్డ రెండు పనులూ చేస్తది.

పత్తి గుడ్డ ముడుచుకుంటది. ముందే ముడుచుకునేటట్టు మిల్లులో పని చెయ్యని గుడ్డ, ముఖ్యంగా చేనేత, మొదటి ఉతుకులో 5 శాతం పోయినా ఆశ్చర్యం లేదు. 30 ఇంచుల అంగీలో అది ఇంచున్నర. టక్ చేసిన అంగీ కూర్చొని లేచేసరికి బయటికి వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి గుడ్డ కొన్న రోజే దర్జీకి ఇయ్యకండి. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడకు ఆరేసి, ఇస్త్రీ చేసి అప్పుడు ఇయ్యండి. కాలర్‌లోని బక్రం, బయటి గుడ్డ వేరే వేరేగా ముడుచుకుంటే నాలుగు ఉతుకులకే కాలర్ మీద బుడగలు లేస్తయి. బుడగ లేసిన కాలర్‌ను ఏ ఇస్త్రీ సరిచెయ్యదు.

ఇంక దర్జీ దగ్గర. మనోళ్లకు ఆది అంగీ ఇచ్చి 'గిట్లనే కుట్టు' అనుడు అలవాటు. ఆదిలోని తప్పు కూడా అట్లనే వస్తది. ఆది ఇచ్చినా టేపుతో ఒకసారి కొలవమనండి, ఆదిలో ఏది మీకు నచ్చదో నోటితో చెప్పండి.

అంగీ భుజం కుట్టు భుజం ఎముక చివరన కూర్చోవాలె. అర ఇంచు అటుఇటు పర్వాలేదు, ఇంచు కిందికి జారితే మనిషి అరువు బట్టలో ఉన్నట్టు కనిపిస్తడు. చాతీకి ఒంటి కొలత మీద నాలుగు ఇంచులు వదులు: 38 చాతీకి 42 అంగీ. స్లిమ్ కావాలంటే మూడు ఇంచులు, అంతకు తగ్గొద్దు. నిలబడి అద్దంలో చూసుకుంటే ఏ అంగీ అయినా బాగానే ఉంటది, కూర్చొని చూడాలె. కూర్చున్నప్పుడు గుండీల మధ్య నోరు తెరిస్తే చాతీ దగ్గరో పొట్ట దగ్గరో గుడ్డ తక్కువైంది. ఇంటర్వ్యూ అంతా జరిగేది కూర్చునే కదా. కాలర్ పై గుండీ పెట్టుకున్నాక ఒక వేలు సులువుగా దూరాలె, నానబెట్టని గుడ్డయితే రెండు వేళ్లు. చెయ్యి కిందికి వదిలినప్పుడు కఫ్ మణికట్టు ఎముకను దాటి బొటనవేలు మొదట్లో ఆగాలె, ఎందుకంటే మోచెయ్యి వంచితే ఇంచు పైకి పోతది. టక్ చేసే అంగీకి రెండు చేతులు పైకెత్తి చూడండి, ప్యాంటులోంచి బయటికి రావొద్దు. బయటికి వదిలే అంగీ జిప్పు మధ్యలో ఆగితే బాగుంటది. కింద అంచు వంపు తిరిగి ఉన్న అంగీ టక్ చెయ్యడానికి కుట్టింది, నేరుగా ఉన్నది బయటికి వదలడానికి. దీన్ని తారుమారు చేసి 'నాకు టక్ చేస్తే బాగుండదు' అనుకునేటోళ్లు మస్తుమంది.

ప్యాంటులో తప్పు పోయేది నడుము కొలత దగ్గర. దర్జీ బొడ్డు దగ్గర కొలుస్తడు, పిల్లగాడు తొడిగేది రెండు ఇంచులు కింద. ఎక్కడ తొడుగుతరో అక్కడ వేలు పెట్టి చూపియ్యండి. పక్క జేబులు చెవుల లెక్క బయటికి తెరుచుకుంటే పిరుదుల దగ్గర గుడ్డ చాలలేదు, నడుము వదులు చేస్తే అది పోదు. పొడుగు ఇంటర్వ్యూకు వేసుకునే బూట్లతోనే కొలిపించుకోండి, చెప్పులతో పోయి కొలిపిస్తే ఇంచు తేడా వస్తది. వెనక నడుము కుట్టులో ఇంచున్నర, కింద మడతలో రెండు ఇంచులు లోపల వదలమని చెప్పండి. రెడీమేడ్‌లో ఇంత గుడ్డ సాధారణంగా ఉండదు, కుట్టించుకున్నదాని లాభం ఇక్కడే. రెండేండ్ల తర్వాత ఒళ్లు చేసినా ఆ ప్యాంటు మీతోనే ఉంటది.

దసరా, బతుకమ్మ ముందు, లగ్గాల సీజన్‌లో మూడు వారాల ముందే ఇయ్యాలె. కచ్చా కుట్టు వేసినప్పుడు ఒకసారి తొడిగి చూసుకోనిస్తనని దర్జీ దగ్గర ముందే మాట తీసుకోండి. పూర్తి కుట్టు అయినంక చెప్పే లోపాలకు దర్జీ దగ్గర జవాబు 'ఉతికితే సర్దుకుంటది' అన్నదొక్కటే.

ఆడపిల్లలకు ఇచ్చే సలహా ఇంకా పొట్టిది: 'టీచర్ పోస్టుకు చీరే కట్టుకో, హుందాగా ఉంటది'. చీర అలవాటున్నోళ్లకు అది మంచిదే. అలవాటు లేనోళ్లు ఆ రోజే మొదటిసారి కట్టుకొని డెమో క్లాసులో బోర్డు మీద రాయబోతే కళ్లన్నీ కుచ్చిళ్ల మీదనే ఉంటయి, ముఖ్యంగా ఆమెవి. కుర్తా వేసుకున్నా, జాకెట్ వేసుకున్నా బోర్డు మీద రాసేటప్పుడు గెలిపించేది చంక కోత. చంక దగ్గర వదులుగా, కిందికి కోస్తే చెయ్యి బాగా కదులుతదని అందరూ అనుకుంటరు. జరిగేది ఉల్టా. చంక కిందికి పోయినకొద్దీ చెయ్యి ఎత్తితే కుర్తా మొత్తం పైకి లేస్తది. చంకకు దగ్గరగా, పైకి కోసి, చేతి గుడ్డ జర వెడల్పుగా పెడితే చెయ్యి ఒక్కటే లేస్తది, కుర్తా కదలదు. దర్జీ దగ్గరనే చెయ్యి ఎత్తి గోడ మీద రాసినట్టు చేసి చూడండి. కుర్తాకు పక్క కుట్టులో జేబు పెట్టమంటే పెడతరు, ఆరు ఇంచుల నోరు ఉంటే ఫోను పడతది. దుపట్టాకు రెండు భుజాల మీద ఒక్కొక్క పిన్ను, పిన్ను కుట్టు మీద పడాలె, గుడ్డ మీద పెడితే చినుగుతది.

నూలు చీరకు గంజి పెట్టేటప్పుడు రెండు చెంచాల సగ్గుబియ్యం లీటరు నీళ్లలో గాజు లెక్క అయ్యేదాకా ఉడికించి, పల్చని గుడ్డలో వడగట్టి, నాలుగైదు లీటర్ల నీళ్లు కలపండి. వడగట్టకపోతే ముదురు రంగు మీద తెల్ల మచ్చలు తేలుతయి. ఎండకాలం గంజి ఇంకా పల్చగా ఉండాలె, చిక్కటి గంజి నేతలో సందులను మూసి గాలి ఆడనియ్యదు. గంజి పెట్టిన చీరను బీరువాలో నెలల తరబడి దాచొద్దు, మడత దగ్గర పోగు విరుగుతది, పురుగు పడతది. 'కొత్త చీరను ఉప్పు నీళ్లలో ముంచితే రంగు నిలుస్తది' అన్నది కూడా ఇంటింటి సలహానే. నూలుకు వేసే రియాక్టివ్ అనే రకం రంగులకు అద్దకంలో ఉప్పు వాడుతరు, రంగును పోగులోకి నెట్టడానికి. దాన్ని పోగుకు పట్టించేది సోడా. అద్దకం అయిపోయినంక ఇంట్లో బకెట్లో వేసే పిడికెడు ఉప్పు ఏమీ నిలపదు. ఎక్కువైన రంగు పోయేదాకా రెండు మూడుసార్లు విడిగా చల్లటి నీళ్లలో జాడించుడే పని.

రంగుల మాట. 'నల్లగా ఉన్నోళ్లు లేత రంగులే' అనే సలహా వెనక ఉన్నది బట్టల జ్ఞానం కాదు, తెల్లదనం మీద మోజు. మన రంగుకు దగ్గరగా ఉండే లేత గోధుమ, క్రీము రంగులే మొహంతో కలిసిపోయి మనిషిని వాడినట్టు చూపిస్తయి. ముదురు మెరూన్, సీసా ఆకుపచ్చ, నెమలికంఠం, పసుపు మన ఒంటి మీద నిలబడతయి. కొనేముందు దుకాణం ట్యూబులైట్ కింద చూసి నమ్మొద్దు. వాకిట్లోకి తెచ్చి పగటి వెలుతురులో గడ్డం కింద పెట్టుకొని చూడండి. మన అమ్మమ్మలు చేసే పనే ఇది, రంగుల నిపుణులెవరూ ఇంతకంటే మంచి పరీక్ష చెప్పలేదు.

క్లాసుల్లో చెప్పే లేత నీలం అంగీ అసలు ఎండకాలం పనికిరాదు. చెమట మచ్చ బాగా కనిపించే రంగుల్లో ముఖ్యమైనవి లేత నీలం, బూడిద. తెలుపు, నేవీ బ్లూ, చిన్న గళ్లు మచ్చను దాస్తయి. తెల్ల అంగీ కింద తెల్ల బనీను వేసుకుంటే బనీను గీతలు పైకి కనిపిస్తయి. మీ ఒంటి రంగుకు దగ్గర ఉన్న బనీను వేసుకుంటే మాయమైతది.

ఇంటర్వ్యూకు నెల ముందు క్రీములు మొదలుపెట్టేటోళ్లకు ఒక్కటే చెప్పేది, ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథసోన్, మోమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొదటి వారాల్లో మొహం తేటగా అయినట్టే ఉంటది, తర్వాత చర్మం పల్చబడి ఎర్రబడతది, మొటిమలు లేస్తయి, వెంట్రుకలు వస్తయి, ఆపితే మంట పుడతది. ఇప్పటికే వాడుతుంటే సొంతంగా ఆపకుండా చర్మ డాక్టర్ దగ్గరికి పోండి. ఒక పెద్ద కంపెనీ 2020లో తన క్రీము పేరులోంచి 'ఫెయిర్' అన్న మాట తీసేసింది, మన లగ్గం మాటల్లోంచి మాత్రం ఇంకా పోలే.

నలుపు, గీతల సంగతి తొందరగా తేలుద్దాం. నిలువు గీతలు సన్నగా చూపిస్తయి అంటరు. 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించింది దీనికి ఉల్టా: అడ్డగీతలతో నింపిన చదరమే పొడుగ్గా, సన్నగా కనిపిస్తది. బట్టల మీద ఈ తేడా ఎటైనా చాలా చిన్నది, మీకు నచ్చిన గీతలు వేసుకోండి. ఇక నలుపు వేడి అన్నది సగం నిజం. ఎడారిలో బెదూయిన్లు అనే సంచార జనం నల్ల అంగరఖాలు ఎందుకు వేసుకుంటరని 1980లో ఒక పరిశోధన వచ్చింది. నల్ల గుడ్డ ఎక్కువ వేడెక్కింది నిజమే, కానీ బట్ట వదులుగా ఉండేసరికి ఆ వేడి ఒంటికి చేరకముందే లోపలి గాలితో పోయింది, తెల్ల బట్టకూ దానికీ ఒంటి మీద తేడా పడలేదు. అంటే వదులు కుర్తా నల్లదైనా పర్వాలేదు, ఒంటికి అతుక్కునే నల్ల అంగీ మాత్రం కొలిమే.

మాట విషయంలో అన్ని క్లాసుల్లో వినిపించే అంకె 93. 'మాటకు 7 శాతమే విలువ, 93 శాతం గొంతు, హావభావాలదే.' 1967లో మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది ఇది. అక్కడ చూసింది విడి మాటల వెనక ఉన్న ఇష్టం, అయిష్టం లాంటి భావాలను జనం ఎట్ల పసిగడతరు అన్నది. మాట ఒకటి, మొహం ఇంకొకటి చెప్పినప్పుడు దేన్ని నమ్ముతరు అన్న సందర్భానికే ఆ లెక్క. అన్ని మాటలకూ ఇది వర్తించదని ఆయనే చెప్పిండు. కరెంటు బోర్డు ఇంటర్వ్యూలో ట్రాన్స్‌ఫార్మర్ ఎట్ల పని చేస్తది అని అడిగితే హావభావాలు 93 మార్కులు తేవు.

సెప్టెంబర్ 9న కాళోజీ పుట్టినరోజు తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజు వేదిక మీద యాస ముద్దొస్తది, పదో తారీకు నుంచి ఇంటర్వ్యూ క్లాసులో అదే యాస తప్పైతది. తెలుగులో జరిగే ఇంటర్వ్యూలో 'పోత' అనాలనుకొని నడిమిట్ల 'వెళ్తాను' అని సర్దుకునేటోడు జవాబు మరిచిపోతడు, ఎందుకంటే బుద్ధి క్రియాపదం మీద ఉంటది. ఎదుటోళ్లకు అర్థం కానిది ఎక్కువగా వేగం, మాట చివర మింగుడు. దీనికి మందు ఉంది: పేపర్లో ఒక పేరా తీసుకొని పది అడుగుల దూరంలో దోస్తును కూర్చోబెట్టి చదవండి, ఆయన రాసుకోవాలె. ఆయన ఆగిన చోట మీరు మింగిన చోటు. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ లాంటి అంకెలు కలిసిపోతయి, 'వన్ ఫైవ్' అని విడదీసి చెప్పండి.

చివరికి ప్రయాణం. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు దాదాపు మూడు గంటలు. ఇస్త్రీ అంగీ వేసుకొని బస్సెక్కితే దిగేసరికి వీపంతా ముడతలే. టీషర్టులో పోండి. అంగీకి మొదటి, మూడో, ఆఖరి గుండీలు పెట్టి, బోర్లా పరిచి, మీద పల్చని ప్లాస్టిక్ కవరు వేసి చేతులు వెనక్కి మడవండి, కవరు జారుతుంటే గుడ్డ నలగదు. కింద నుంచి మూడో వంతు దగ్గర మొదటి మడత పడాలె, ఆ గీత ప్యాంటు లోపలికి పోతది. ఇంకో మడత పడేది ఉంటే పొట్ట మీద పడనియ్యండి, చాతీ మీద వద్దు. దిగినంక నలిగిన చోట తడి అరచేత్తో రాసి పది నిమిషాలు ఫ్యాను కింద తగిలిస్తే పత్తి సాగుతది. బ్యాగులో రెండు పిన్నులు, దారం ఎక్కించిన సూది, ఒక గుండీ, రెండు చేతిరుమాళ్లు పెట్టుకోండి. ఒకటి మొహానికి, ఒకటి బూట్లకు. రెండూ ఒకే రంగువి కొనకండి.